తీసుకెళ్ళని బట్టలు

జూన్ 24, సోమవారం

ఈ నోటుబుక్కు స్కూల్లో వంట చేసే రోజుల్లో మిగిలిపోయింది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే తల పగిలేట్టుంది. చెప్పుకుంటే రేపటికల్లా సందంతా తెలిసిపోతుంది. అందుకని ఇందులో రాస్తున్నాను.

డాక్టరు ఇంటికొచ్చి చూశాడు. మళ్ళీ అదే మాట. చలికాలం లోపు రోజూ నేల మీద నడిపించకపోతే మా ఆయన కుడికాలు ఇక పనికిరాదట. ఎక్కడ నడిపించను? మాది ఐదో అంతస్తు. డెబ్బై రెండు మెట్లు. లిఫ్టు లేదు, ఈ కొండవాలు బిల్డింగుకి ఎప్పటికీ రాదు. ఇంట్లో మంచం నుంచి కిటికీకి తొమ్మిది అడుగులు, అంతే. పక్షవాతం వచ్చిన ఈ రెండేళ్ళలో ఆయన కిందికి దిగింది ఒక్కసారి. అదీ ఫైరాఫీసు వాళ్ళు కుర్చీకి కట్టి మోసుకెళ్తే. మూడో అంతస్తు మలుపులో పంట్లాం తడుపుకున్నాడు. ఆ అంతస్తులో ఉండే లో గారి భార్య తలుపు తీసుకుని మరీ చూసింది. అప్పటినుంచి దిగుదామంటే చాలు, గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మా రేవు ఊరు కీలుంగ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని బ్రేకు చప్పుడు విని అది ఎన్నో నంబరు బస్సో చెబుతుంటాడు. మాట సగమే వస్తుంది, నంబర్లు మాత్రం తప్పడు.

నాకు కనిపిస్తున్న దారి ఒక్కటే. కింది ఇల్లు. అందులో పాన్ పిన్ని ఒక్కతే ఉంటుంది. తలుపు తీస్తే వీధి. మనిషిని పట్టుకుని రెండడుగులు వేయిస్తే చాలు, వీధిలో ఉంటాడు.

సాయంత్రం వెళ్ళి అడిగేశాను. పిన్నీ, మీ ఇల్లు మాకు అమ్మండి అని. ఆవిడ టీ గ్లాసు కడుగుతూ ఉంది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. "చూద్దాంలే" అంది.


జూన్ 25

చూద్దాం అంటే ఏమిటి? అవుననా, కాదనా?


జూన్ 28, శుక్రవారం

ఇవాళ పిన్ని ఇంట్లో మూడు గంటలు కూర్చున్నాను. కూర్చున్నానని రాయకూడదు, కూర్చునే చోటేదీ! పక్కకు తిరిగి నడవాలి. బాబాయి బతికున్నప్పుడు అది లాండ్రీ, బట్టలు బాగుచేసే షాపు కూడా. ఆయన పోయాక బోర్డు తీసేశారు, చూపు తగ్గేదాకా తెలిసినవాళ్ళ బట్టలు మాత్రం పిన్ని తీసుకునేది. లోపలిదేదీ కదలలేదు. ఇస్త్రీ బల్లలు, చెడిపోయిన కుట్టుమిషన్లు, వైరు హ్యాంగర్ల గుట్టలు, ఎవరెవరో మరిచిపోయిన గొడుగులు, బిస్కెట్ డబ్బాల నిండా గుండీలు. వీటన్నిటి మీదా ఈ ఊరి చెమ్మ.

వీటిని వదులుకోలేకే అమ్మడం లేదనుకున్నాను. మెల్లగా కదిపి చూశాను. "తీసి పారెయ్యవే, నాకేం? మోసేవాళ్ళు లేక ఉన్నాయి" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు వెనక గది తలుపు తీసింది. ప్లాస్టిక్ కవర్లలో బట్టలు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఉతకమనో, జిప్పు వెయ్యమనో ఇచ్చి మళ్ళీ రానివాళ్ళవి. ఓడల మీద పనిచేసేవాళ్ళు, రేవు కూలీలు, చేపల మార్కెట్ వాళ్ళు. ఒక్కోదానికీ ఒక చీటీ గుచ్చి ఉంది. లెక్కపెట్టాను, డెబ్బై నాలుగు.

ఇవి కూడా పారేద్దాం పిన్నీ అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకి నోరు జారానని తెలిసింది.

"బతికున్నవాడి బట్ట కాలిస్తే వాడి ప్రాణం దాని వెనకే పోతుంది. చచ్చినవాడి బట్ట చెత్తబండిలో పడేస్తే వాడక్కడ చలికి వణుకుతాడు. వీళ్ళలో ఎవడున్నాడో, ఎవడు పోయాడో నాకు తెలీదు. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావ్?"

నవ్వొచ్చింది, నవ్వలేదు. మా అమ్మ కూడా ఇదే అనేది. నాన్న పోయినప్పుడు ఆయన చొక్కాలన్నీ పేరు చెప్పి ఒక్కొక్కటే కాల్చింది. పొరపాటున మా తమ్ముడి బనియను అందులో కలిసిందని వారం రోజులు వాడి చెయ్యి పట్టుకునే పడుకుంది. నేను అవన్నీ నమ్మను.

ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఉన్నవాళ్ళకి తిరిగి ఇవ్వాలి. పోయినవాళ్ళవి పేరు చెప్పి, వాళ్ళకి పంపే కాగితం డబ్బుతో పాటు కాల్చాలి. లెక్క తేలితే పిన్ని ఇల్లు మాకు ఇచ్చేసి యీలాన్‌లో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల మూడేళ్ళుగా రమ్మంటోంది. పిన్నికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. తను రాసిన చీటీలే తను చదువుకోలేకపోతోంది. "నువ్వు చదువు, సూ-లాన్. నీ నోటితో వింటే మనుషులు గుర్తొస్తారు" అంది.

డెబ్బై నాలుగు మందిని వెతకాలి. తల ప్రాణం తోకకొచ్చేట్టుంది.


జూలై 2, మంగళవారం

చీటీల మీద పేర్లుంటాయనుకున్నాను. పేర్లు తక్కువ. "బంగారుపన్ను, ఐస్ ఫ్యాక్టరీ." "కూతురికి నత్తి." "మేకల చాంగ్ తమ్ముడు." చదవగానే పిన్ని కళ్ళు మూసుకుని, "ఆఁ, వాడా! గుడి వెనక ఉండేవాడు" అంటుంది. నేను గొడుగేసుకుని గుడి వెనక్కి పరిగెత్తాలి.

ఇవాళ నలుగురు దొరికారు. చేపల కొట్టు ఆయన తన పంట్లాం చూసి పడీపడీ నవ్వాడు. ఇప్పుడందులో ఆయన ఒక కాలు మాత్రమే పడుతుంది. అయినా పట్టుకెళ్ళాడు, వెళ్తూ నాకో కాగితంలో రొయ్యలు పెట్టిచ్చాడు. మా ఆయనకి వండి పెట్టాను. రొయ్యలెక్కడివని అడిగాడు. చెబితే, "పాన్... ఇల్లు?" అన్నాడు. అవును, మనకోసమే అన్నాను. తల తిప్పి కిటికీలోంచి కిందికి చూశాడు. సంతోషం కాబోలు.

ఆయన్ని అడగకుండానే ఇదంతా చేస్తున్నానని మా అమ్మాయి ఫోన్లో అంది. అడిగేదేముంది? కాలు ఆయనది, కళ్ళు నాకు లేవా?


జూలై 6, శనివారం

మా పంచాంగం లెక్కన ఇవాళ్టితో ఆరో నెల మొదలు. అంటే ఆగస్టు నాలుగున ఏడో నెల. దయ్యాల నెలలో ఎవరూ ఇల్లు కొనరు, అమ్మరు, సంతకం పెట్టరు. మా ఐదో అంతస్తు ఇల్లు ఒక కుర్రజంట కొంటామన్నారు, ఆ డబ్బుతోనే కింది ఇల్లు కొనాలి. వాళ్ళూ అదే చెప్పారు. ఏడో నెల లోపైతే సరే, లేదంటే వేరే చోట చూసుకుంటామన్నారు. వాళ్ళు పోతే లిఫ్టు లేని ఐదో అంతస్తుకి ఇంకో పిచ్చివాళ్ళు దొరకరు. నెల గడిచాక చూద్దామంటే అప్పటికి వానలు, తర్వాత చలి.

ఈ కుర్రజంట సంగతి పిన్నికి చెప్పలేదు. ఆవిడ మీద ఒత్తిడి ఎందుకని.

దొరికినవాళ్ళు పందొమ్మిది. పోయారని తెలిసినవాళ్ళు ఆరుగురు. ఇంకా నలభై తొమ్మిది.


జూలై 9

వాన. మెట్లు ఏడుసార్లు ఎక్కి దిగాను. ఆయన ఇవాళ కిటికీ దగ్గరికి కూడా రానన్నాడు.


జూలై 13, శనివారం

ఇది ఇందులో రాయాలా వద్దా అని అన్నం తిన్నంతసేపూ ఆలోచించాను. రాస్తే ఏమైంది? ఎవరు చూస్తారు?

నీలం కోటు. చీటీ మీద "ఓడ మనిషి, పొడుగు" అని మాత్రం ఉంది. పిన్నికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రేవు దగ్గర నలుగురిని అడిగాను. నవ్వారు. పొడుగ్గా ఉండే ఓడ మనుషులు ఎంతమంది లేరు! ఇరవై ఏళ్ళనాటి కోటు, రావాల్సినవాడు ఈపాటికి వచ్చేవాడు కాదూ?

తిరిగొచ్చి పిన్నితో, పోయాడట పిన్నీ, మార్కెట్లో ఒకాయన చెప్పాడు అన్నాను. ఎలా అనేశానో నాకే తెలియదు. పిన్ని చేతిలో గుడ్డ పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. ఆ పొడుగుమనిషి కోసం ఒక నిమిషం అలాగే నిలబడింది. నేనూ నిలబడ్డాను.

అబద్ధం అనుకోను. తెలియకపోవడం వేరు, అబద్ధం వేరు. అతను నిజంగానే పోయి ఉండొచ్చు. పోయే ఉంటాడు.


జూలై 15

ఇంకో ఇద్దరు పోయారు.


జూలై 17, బుధవారం

దొరికినవాళ్ళు ముప్పై ఎనిమిది. నిజంగా పోయినవాళ్ళు పద్నాలుగు. ఇక దొరికేవాళ్ళు లేరు. మిగిలినవి ఇరవై రెండు. వాటిలో పదకొండు నేను పోయినవాళ్ళ మూటలోకి చేర్చాను. అన్నీ ఒకేసారి చేరిస్తే పిన్నికి అనుమానం వస్తుంది, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

మొదటి మూడిటికీ చీటీలు చదివాను. తర్వాతవాటికి చదవలేదు. చదివితే పిన్ని అడుగుతుంది, అడిగితే వెతకాలి, వెతికినా దొరకరు. నోటికొచ్చిన ఆనవాలు చెప్పాను. ఒకడికి గడ్డం పెట్టాను, ఒకడిని కుంటివాణ్ణి చేశాను. ప్రతి ఒక్కరికీ పిన్ని చేతులు జోడించింది. గడ్డంవాడు గుర్తున్నాడని కూడా అంది.

ఆయన కాలు ఇవాళ చల్లగా ఉంది. అరగంట రుద్దినా వేడెక్కలేదు.


జూలై 20, శనివారం

ఆరో నెల పదిహేనో రోజు. అందరూ కాగితం డబ్బు కాల్చే రోజే గనక ఎవరూ పట్టించుకోరని మేడ మీది ఇనప డ్రమ్ములో కానిచ్చేశాను. పిన్ని మెట్లు ఎక్కలేని మనిషి కాబట్టి నేనొక్కదాన్నే. పద్నాలుగు మందివి పేర్లు చెప్పి కాల్చాను. మిగతా పదకొండు పేర్లు లేకుండా కాల్చాను. పేరు తెలియనిదే ఎలా చెప్పను?

నైలాను బట్టలు భగ్గున అంటుకుని నల్లటి పొగ. లో గారి భార్య ఆరేసిన దుప్పటి మీద మసి పడిందని కింద నుంచి ఒకటే సణుగుడు. చివరి మూటలో ఒక బూడిదరంగు జాకెట్ ఉంది. బస్సు కంపెనీ వాళ్ళది. ఈ ఊళ్ళో డ్రైవర్లు వందలమంది, అందరివీ అవే జాకెట్లు. జేబులు చూడలేదు. చీటీలన్నీ ముందే పీకి బిస్కెట్ డబ్బాలో వేశాను, చీటీలు కాలిస్తే పిన్ని ఊరుకోదు.

కిందికి దిగాక పిన్ని అడిగింది, పేరుపేరునా చెప్పావా అని. చెప్పాను అన్నాను.


జూలై 21

వెనక గదిలో గోడ కనిపించింది! పచ్చరంగు గోడ. పిన్ని దాన్ని చేత్తో తడిమి చాలాసేపు నిలబడింది. మిగిలినవాటి సంగతి కూడా తేలిపోతే ముప్పయ్యో తారీఖున డాక్యుమెంట్ రైటర్‌ని రమ్మను అంది. తనే అంది. నేను అడగలేదు.

ఏడుపొచ్చింది. ఆయనకి చెబితే నా మొహం చూసి ఎడమచేత్తో నా చెంప తుడిచాడు.


జూలై 23, మంగళవారం

రెండుసార్లు రాసి కొట్టేశాను.

పొద్దున గంజి తాగిస్తుంటే ఆయన స్పూను పక్కకి నెట్టి, "పాన్ దగ్గర... జాకెట్" అన్నాడు. ఏ జాకెట్ అన్నాను. అన్నానే గానీ అది ఏదో నాకప్పటికే తెలుసు. కష్టపడి కష్టపడి చెప్పాడు. పక్షవాతం రాకముందు వారం, పొట్ట పెరిగి జిప్పు పట్టక, నాకు తెలిస్తే వేళాకోళం చేస్తానని, డ్యూటీకి వెళ్తూ పిన్ని దగ్గర పడేశాడట. ఇల్లు ఖాళీ చేస్తున్నారు కదా, అది తెచ్చిపెట్టు, కిందికి దిగినప్పుడు వేసుకుంటాను అన్నాడు.

రెండేళ్ళలో ఆయన నోటి నుంచి దిగుతాను అన్న మాట రావడం ఇదే మొదటిసారి.

కిందికెళ్ళి బిస్కెట్ డబ్బా తెచ్చుకుని బాత్రూంలో తలుపేసుకుని చీటీలు వెతికాను. ఉంది. పిన్ని పెద్దపెద్ద అక్షరాలు. "ఐదో అంతస్తు డ్రైవరు. జిప్పు. తొందర లేదు."


జూలై 24

తుఫాను వస్తోందని స్కూళ్ళూ ఆఫీసులూ మూసేశారు. జాకెట్ ఇంకా కుట్టలేదట అని ఆయనతో చెప్పాను.


జూలై 25, గురువారం

రాత్రంతా గాలి. తెల్లారేసరికి ఆయనకి జ్వరం. తుఫానుకి పట్టిన జలుబు, అంతే. పక్కింటి పిల్లాడికి కూడా ఉంది. అంతే.


జూలై 27, శనివారం

జ్వరం తగ్గింది. డాక్టరు ఫోన్లో ఏం ఫర్వాలేదన్నాడు. కానీ మనిషి మనిషిలా లేడు. కళ్ళు తెరుచుకుని ఉంటాయి, పిలిస్తే పలకడు. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాడు. కింద బస్సు ఆగితే నంబరు చెప్పడం లేదు. నేనే గట్టిగా, "ఏమయ్యా, ఇది ఎన్నోది?" అని అడిగాను. నావైపు చూశాడు, నేనెవరో గుర్తు పట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు.

ఒకటి రాస్తాను. నేను నమ్మనని రాశాను కదా, నమ్ముతాను. చిన్నప్పటినుంచీ నమ్ముతాను. నమ్మితే ఆ పదకొండూ కాల్చలేను గనక నమ్మననుకున్నాను. ఆయన కాలు నిలబెట్టాలని తిరిగి తిరిగి, బతికున్న మనిషి బట్టని నా చేత్తోనే నిప్పులో వేశాను. మిగతా పదిమందిలో ఎంతమంది ఎక్కడెక్కడ ఉలిక్కిపడుతున్నారో.

పిన్నితో చెబితే ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఈయన. ఇలాంటివాటికి విరుగుడు తెలిస్తే ఆవిడకే తెలియాలి. మూడు రోజుల్లో డాక్యుమెంట్ రైటర్ వస్తాడు. సంతకాలయ్యాక చెబితే? సంతకాలయ్యేదాకా ఈయన ఆగుతాడా?


జూలై 28, ఆదివారం

చెప్పేశాను.

పొద్దున్నే దిగి వెళ్ళాను. పిన్ని మిగిలిన పదకొండు బట్టల కవర్లూ తడిగుడ్డతో తుడుస్తోంది. కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. నీలం కోటు నుంచి మొదలుపెట్టి గడ్డంవాడు, కుంటివాడు అందరూ నేను పుట్టించినవాళ్ళే అన్నాను. చీటీలు చదవలేదన్నాను. కుర్రజంట సంగతీ చెప్పాను. ఆయన జాకెట్ సంగతి ఆఖర్న చెప్పాను.

పిన్ని అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎంతమంది?" అంది.

"పదకొండు, పిన్నీ."

"నీ మొగుడితో కలిపా?"

"కలిపే."

గుడ్డ పిండి, ఆరేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ జాకెట్‌కి సరిపడా పొడుగు జిప్పు దొరకలేదని పక్కన పెట్టానని, తర్వాత డ్రైవరు పడిపోయాడని విన్నాక తిరిగివ్వడానికి మొహం చెల్లలేదని అంది. అది అసలు తన తప్పే అన్నట్టు అంది. నాకు అదింకా నరకం.

"నేను చూడలేనని నీ నోరు నమ్మాను, సూ-లాన్. లేని గడ్డంవాడికి దణ్ణం పెట్టించావు. వాడు గుర్తున్నాడని కూడా అన్నాను చూడు, ముసలి మొద్దుని."

పిన్నీ, ఈ మిగిలినవి నేను చూసుకుంటాను, వాళ్ళొచ్చేదాకా ఉంచుతాను, పురుగు పట్టకుండా ఏటా ఎండలో వేస్తాను అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు.

"నువ్వా?" అంది పిన్ని. "నువ్వు ఉంచుతావా?"

తర్వాత ఆ పదకొండు కవర్లనూ ఒక్కొక్కటిగా వెనక గదిలోకి తీసుకెళ్ళి కొయ్యకి తగిలించింది. నేను సాయం పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. డాక్యుమెంట్ రైటర్‌కి వద్దని చెప్పెయ్యమంది. ఇంటి సంగతి ఇంకెప్పుడూ ఎత్తొద్దంది.

పైకొచ్చేసరికి ఆయన అలాగే గోడని చూస్తున్నాడు. సాయంత్రం గంజి మూడు స్పూన్లు.


జూలై 29

కుర్రజంటకి ఫోన్ చేసి కుదరదని చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.


జూలై 30

డాక్యుమెంట్ రైటర్ రావాల్సిన రోజు. చెత్తబండి పాట పెట్టుకుంటూ వచ్చింది, పోయింది. పిన్ని గుమ్మం మూసి ఉంది. మెట్లు దిగేటప్పుడు ఆ తలుపు దాటడానికి కాళ్ళు రావడం లేదు.


జూలై 31, బుధవారం

పొద్దున ఎనిమిదింటికి మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. లో గారి భార్య గొంతు, "అయ్యో, పాన్ పిన్నీ, మీరెక్కడికి!" అని. నేను తలుపు తీసి చూస్తే నాలుగో అంతస్తు మలుపులో పిన్ని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో పాలిథిన్ సంచి. నేను దిగబోతే చెయ్యి విదిలించింది. "రాకు. నేను ఎక్కుతాను."

ఎక్కేసరికి ముప్పావు గంట పట్టిందని తర్వాత లో గారి భార్య చెప్పింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగి, "బియ్యం తెచ్చాను. వాడు రోజూ వేసుకునే చొక్కా ఒకటియ్యి, ఉతకనిది" అంది.

అప్పుడు అర్థమైంది. సందులో పిల్లలు దడుచుకుంటే పిన్ని దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళు. చెదిరిన ప్రాణాన్ని తిరిగి పిలవడం ఆవిడకి వాళ్ళ అత్తగారు నేర్పింది. ఇప్పుడు పిల్లలంతా ఆస్పత్రికే పోతున్నారు గనక చాలా ఏళ్ళయింది చేసి.

గ్లాసు నిండా బియ్యం తలకొట్టి పోసింది. దాని మీద ఆయన చొక్కా కప్పి, గుడ్డ బిగించి తలకిందులుగా పట్టుకుంది. ఒక అగరువత్తి వెలిగించి నాకిచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు, చూపు ఎక్కడో ఉంది. పిన్ని గ్లాసుని ఆయన తల చుట్టూ, గుండె ముందు, వీపు మీద మెల్లగా తిప్పింది. ఆ చేతులు ఎక్కడా తడబడలేదు.

పిలిచేటప్పుడు పేరు చెప్పాలి, పుట్టిన రోజు చెప్పాలి, ఇంటి చిరునామా చెప్పాలి. లేకపోతే దిక్కు తెలియని ప్రాణం ఇంకో గుమ్మంలోకి పోతుంది. పుట్టిన రోజు నన్ను అడిగింది. చిరునామా అడగలేదు.

"చెంగ్ షుయ్-ము" అని పిలిచింది. ఎవరో వీధి చివర నడుస్తుంటే పిలిచినట్టు పిలిచింది. "చెంగ్ షుయ్-ము, పులి సంవత్సరం, తొమ్మిదో నెల. నీ మూడు ఆత్మలూ, ఏడు ప్రాణాలూ ఎక్కడున్నా రా. నిప్పులో ఉంటే నిప్పు దాటి రా. నీళ్ళలో ఉంటే నీళ్ళు దాటి రా. షీ-డింగ్ వీధి, నూట నలభయ్యో సందు, ఇరవై ఏడో నంబరు, కింది ఇంటికి రా."

నా చేతిలో అగరువత్తి బూడిద రాలి కాలి మీద పడింది. ముసలావిడ, అలవాటు కొద్దీ తన చిరునామా చెప్పేసిందనుకున్నాను. ప్రాణం దారి తప్పుతుందేమోనని నాకు దడ పుట్టింది.

"పిన్నీ, ఐదో అంతస్తు" అన్నాను మెల్లగా.

ఆవిడ నావైపు తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. అదే పేరు, అదే సంవత్సరం, అదే వీధి, కింది ఇంటికి రా. మూడోసారీ అంతే.

గుడ్డ విప్పి బియ్యం చూసింది. కళ్ళు కనబడవు కదా, వేలి కొసతో తడిమి చూసింది. ఒక పక్క గుంట పడి ఉంది. అది పూడేలా ఇంకో గుప్పెడు బియ్యం పోసి నా చేతికిచ్చింది. ఇవాళ ఇవే వండి పెట్టమంది.

"పిన్నీ, చిరునామా తప్పు చెప్పారు" అన్నాను మళ్ళీ. నా గొంతు నాకే అసహ్యంగా ఉంది, ఇల్లు అడుగుతున్నట్టు.

"తప్పేం లేదు. ఇంత ఒళ్ళు పెట్టుకుని నేనే ఎక్కలేక చచ్చాను. చెదిరిపోయిన ప్రాణం, అదెక్కడ ఎక్కుతుందే ఇన్ని మెట్లు? అది కిందికే వస్తుంది." కుర్చీ లాక్కుని అప్పుడు కూర్చుంది. "మనిషిని కిందికి దించుకో, సంతకాలు దయ్యాల నెల పోయాక చూద్దాం. ఆ పదకొండూ మాత్రం కొయ్య మీదే ఉంటాయి. ఎవరొచ్చి అడిగినా చీటీ చదివి ఇవ్వాలి. పైకి చదివి ఇవ్వాలి."

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆవిడ మోకాలి మీద తలపెట్టి ఏడ్చాను.

మంచం మీద ఆయన కదిలాడు. కళ్ళు నావైపు ఉన్నాయి, నావైపే. ఎడమచేత్తో మంచం అంచు పట్టుకుని కుడికాలు కింద పెట్టడానికి చూస్తున్నాడు. ఎక్కడికయ్యా అన్నాను.

"కింది... ఇంటికి" అన్నాడు.